తెలుగు వ్రాతకు తగిన కీబోర్డు: చంద్రపూరు ప్రాంతపు టైపిస్టు దృష్టితో ఒక పరిశీలన

తెలుగు లిపి గుండ్రదనమునకు తాటియాకును గంటమును కారణములని చెప్పుట పరిపాటి. ఆకుపై అడ్డుగీతలు గీచినచో ఆకు చీలును. కనుక లేఖకుడు వంపుల నాశ్రయించెను. సాధనమునకు లిపి లొంగిన కాలమది. నేడు కంప్యూటరు తెరపై ఒత్తులతో, గుణింతములతో అక్షరము నిండుగా కనబడుచున్నది. లిపి సాధనమునకు లొంగవలసిన పని లేదు. అయితే ఆ అక్షరమును తెరపైకి తెచ్చు శ్రమ యంతయు ఇప్పుడు వ్రేళ్లపై పడినది. ఏ వ్రేలిపై ఎంత పడుచున్నది, దానిని తగ్గించు ఉపాయమేది, అందుకై ఎట్టి కీబోర్డును కొనవలెను అనునదే ఈ వ్యాస విషయము.

ఈ ప్రశ్న తెలుగునాట కంటె చంద్రపూరులో కొంత తీవ్రముగా తోచును. పూర్వపు చాందా జిల్లాకు తెలుగుతో గల సంబంధము నేటిది కాదు. ప్రాణహిత, గోదావరి తీరమున నున్న సిరొంచ సీమ 1874లో చాందా జిల్లాలో చేరెను. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు ఆ భాగము విడిపోయెను. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమునందలి ఆదిలాబాదు జిల్లాలోనిది; రాష్ట్రముల పునర్విభజనతో మొదట నాందేడునకు, 1959లో చాందాకు చేరెను. జివతి తాలూకాకును, తెలంగాణలోని కెరమెరి మండలమునకును నడుమ పదునాలుగు గ్రామములపై ఉభయ రాష్ట్రములకు వివాదమున్నది. బల్లార్పూరు కాగితపు మిల్లును, బొగ్గు గనులను నమ్ముకొని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు వేరు. ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ, పైచదువులో ఆంగ్లము: ఇది ఇక్కడి పిల్లవాని త్రిభాషా జీవితము.

1964 నాటి చట్టము వలన రాష్ట్ర వ్యవహారము మరాఠీలో సాగవలసి యున్నది. ప్రభుత్వ కార్యాలయములలో గుమాస్తా-టైపిస్టు కొలువునకు మరాఠీలో నిమిషమునకు 30 పదములుగాని, ఆంగ్లమున 40 పదములుగాని కొట్టగల నేర్పు కావలెను. కావున ఇచ్చటి తెలుగు యువకుడు టైపు నేర్చునప్పుడు మొదట నేర్చునది మరాఠీయే. అతడు తన ఇంటి భాషను కూడ అదే చేతితో వ్రాయగలుగుట, వ్రాయలేక విడిచివేయుట అను రెండింటి నడుమ నున్నది కీబోర్డు ఎంపిక. పగలంతయు అర్జీలు, సాయంకాలము పెండ్లి పత్రికలు కొట్టు మనిషికి మణికట్టు నొప్పి జీవనోపాధికి సంబంధించిన మాట. దీనిని ఖరీదైన వస్తువుల ముచ్చటగా తీసివేయరాదు.

నేటి కీబోర్డునకు మూలము అమెరికా దేశస్థుడు షోల్సు 1868లో పేటెంటు పొందిన టైపురైటరు. 1874లో రెమింగ్టను సంస్థ దానిని అమ్మకమునకు తెచ్చెను. అందు ప్రతి మీట క్రిందను ఒక లోహపు కడ్డీ ఉండెడిది. కడ్డీలు ఒకదాని నొకటి తాకకుండ పోవుటకై మీటల వరుసలను కొంచెము ప్రక్కకు జరిపిరి. కడ్డీలు పోయినవి, జరుపు మాత్రము నిలిచినది. అందుచేతనే నేటికిని పై వరుసలోని మీట క్రింది వరుసలోని మీటకు సూటిగా పైన ఉండక, ఎడమకు తొలగి యుండును. ఎడమచేయి ఈ ఏటవాలునకు తన సహజమైన వంపునకు ఎదురుగా తిరుగవలసి వచ్చుచున్నది. అచ్చటి నుండి మణికట్టు బయటి ప్రక్కకు వంగును. రెండు చేతులు ఒకే పలకపై దగ్గరగా చేరుటచే భుజములు ముడుచుకొనును.

అక్షరముల వరుసను మార్చిన వారిలో ప్రసిద్ధుడు ఆగస్టు డ్వోరాకు. ఆయన తన బంధువగు డీలీతో కలిసి 1936లో పేటెంటు పొందెను. ఆంగ్లమున ఎక్కువగా వచ్చు అక్షరములను నడిమి వరుసలో పెట్టుట ఆయన పద్ధతి. అందు నూటికి 70 దెబ్బలు ఆ వరుసలోనే పడుననియు, పాత వరుసలో 32 మాత్రమే పడుననియు ఆయన పక్షమువారి లెక్క. 1944లో అమెరికా నౌకాదళము చేసిన పరీక్ష ఆయన కనుకూలము. 1956లో స్ట్రాంగు అను పండితుడు చేసిన పరీక్ష ప్రతికూలము. 1985లో పాల్ డేవిడ్, 1990లో లీబోవిట్జు, మార్గోలిసులు దీనిపై ఆర్థికశాస్త్రమున పెద్ద వాదమే నడిపిరి. ఆ వాదము తెలుగువానికి అంతగా పనికివచ్చునది కాదు. ఆంగ్లాక్షరముల పౌనఃపున్యమును బట్టి కూర్చిన వరుస తెలుగు గుణింతములకు ఏల సరిపోవును? 2006లో వచ్చిన కోల్‌మాకు వరుసకును ఇదే సమాధానము. వాని వలన తెలుగు టైపిస్టునకు ఒక కీడు కూడ కలదు. దానిని క్రింద చూపుదుము.

చేతి సుఖమును కోరి కీబోర్డు ఆకారమునే మార్చినవారు మరియొక తెగ. ఇంగ్లాండులో 1970లలో లిలియన్ మాల్టు, స్టీఫెన్ హాబ్డే అనువారు మాల్ట్రాను అను పేర గుంటలుగా తొలిచిన పలకను చేసిరి. 1992లో అమెరికాలో కినిసిస్ సంస్థ ఆ జాతి పలకనే విరివిగా అమ్మకమునకు తెచ్చెను. 2010ల ఆరంభమున ఎర్గోడాక్స్ అను నమూనా వెలువడెను. ఇది పూర్తిగా రెండు ముక్కలు. ఒక్కొక్క చేతికి ఒక ముక్క. మీటలు అడ్డవరుసలుగా తొలగక నిలువు వరుసలుగా నుండును. ఏ వ్రేలు పొడవో ఆ వ్రేలి నిలువు వరుస కొంత పైకి జరిగి యుండును. బొటన వ్రేళ్లకు మీటల గుంపొకటి వేరుగా నుండును. మామూలు పలకపై రెండు బొటన వ్రేళ్లకును కలిపి ఒక్క ఖాళీమీట నిచ్చి ఊరకుంచుట, చేతిలోని బలమైన వ్రేలిని ఉద్యోగము లేక కూర్చుండబెట్టుట వంటిది. జపానులో రూపొందిన కోర్నే అను చిన్న పలకలో 42 మీటలే యుండును: ప్రతి ప్రక్కను ఆరు నిలువు వరుసలు, వరుసకు మూడేసి, బొటన వ్రేలికి మూడు. అంతకంటె చిన్నవి 34 మీటలవి కూడ గలవు.

మీట తక్కువైనను అక్షరము తక్కువ కాకుండ చేయునది ‘ప్రోగ్రాము’ చేయు సదుపాయము. పలకలోపల ఒక చిన్న కంప్యూటరు చిప్పు కలదు. దానిలో నింపు క్రమణికను ఎవరికి వారే మార్చుకొనవచ్చును. జున్ వాకో అను జపాను దేశస్థుడు వ్రాసిన టీఎంకే నుండి పుట్టిన క్యూఎంకే అను ఉచిత క్రమణిక విరివిగా వాడుకలో నున్నది. ఒక మీటను పట్టుకొనినంత సేపు మిగిలిన మీటలన్నియు వేరు అర్థమును పొందును. ఇట్టి దొంతరలు ఎన్నియైన కల్పించుకొనవచ్చును.

ఇచ్చట ఒక విషయమును స్పష్టముగా తెలిసికొననిదే ముందునకు పోరాదు. కీబోర్డు కంప్యూటరునకు అక్షరమును పంపదు. మీట సంఖ్యను పంపును. ‘కె’ అను స్థానమునకు గల సంఖ్య పోయినచో, కంప్యూటరు ఆంగ్లమున నున్నప్పుడు కె అనియు, తెలుగున నున్నప్పుడు క అనియు, మరాఠీలో నున్నప్పుడు దేవనాగరి కకారమనియు చదువుకొనును. అనగా వరుస రెండు చోట్ల నిర్ణయింపబడుచున్నది: పలకలో ఒకమారు, కంప్యూటరులో మరియొకమారు. కొనునప్పుడు ‘ఇందులో తెలుగు వచ్చునా?’ అని అంగడివానిని అడుగుట వలన ప్రయోజనము లేదు. ఏ పలకయైనను తెలుగును వ్రాయును. ఎంత సుఖముగా వ్రాయుననునదే ప్రశ్న. పైని చెప్పిన కీడు కూడ దీని వలననే కలుగును. ఆంగ్లమునకై పలకలోనే కోల్‌మాకు వరుసను నింపుకొన్నవాడు తెలుగునకు మారినచో, ఏత్వము ఉండవలసిన ‘ఎస్’ స్థానమున దీర్ఘపు గుడి వచ్చును. పొల్లు ఉండవలసిన ‘డి’ స్థానమున ఏత్వము వచ్చును. వ్రాత సర్వము చెదరిపోవును. అట్టి వరుసను కోరువారు దానిని ఆంగ్లపు దొంతరలో మాత్రమే ఉంచి, తెలుగునకు పాత సంఖ్యలతో వేరొక దొంతరను పెట్టుకొనవలెను.

కంప్యూటరులో తెలుగు వరుసలు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది టైపురైటరు సంప్రదాయము. యంత్రమున మీటలు పరిమితము; కావున అక్షరమును తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అను ముక్కలుగా విడదీసి, కంటికి కనబడు రూపమును అతుకుదురు. అచ్చు పనిలో పాత ఖతులను వాడు డీటీపీ వారిలో ఈ జాతి వరుసలు నిలిచి యున్నవి. రెండవది రోమను అక్షరములలో వ్రాసి తెలుగుగా మార్చు పద్ధతి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున 1990ల తొలి వత్సరములలో రూపొందిన ఆర్‌టీఎస్ దీనికి ప్రసిద్ధమైన ఆధారము. ప్రవాసాంధ్రులకు ఇది చేసిన మేలు తక్కువ కాదు. కాని ట, డ, ణ, ళ లకు ప్రతిమారును షిఫ్టు మీట కావలెను. ‘రాముడు’ అను మాటకు ఏడు దెబ్బలును ఒక షిఫ్టును పట్టును. మరాఠీ బడిలో చదివిన పిల్లవాడు తన తల్లి భాషను మూడవ లిపి ద్వారా తలపోయవలసి వచ్చుట మరియొక లోపము.

మూడవది ఇన్‌స్క్రిప్టు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో దీనిని ప్రమాణముగా ప్రకటించెను. 1991 నాటి ఐఎస్ 13194 అను ప్రమాణ పత్రమున ఇది చేరినది. విండోసు, లినక్సు, ఆపిల్ యంత్రములు మూడింట ఇది సిద్ధముగా నున్నది. బ్రాహ్మీ నుండి పుట్టిన భారతీయ లిపుల కన్నింటికిని వర్ణక్రమ మొక్కటే యనుట దీని పునాది. అందుచేత తెలుగు క, మరాఠీ క ఒకే మీటపై నున్నవి. మరాఠీ పరీక్షకై ఈ వరుసను నేర్చినవాడు తెలుగునకు క్రొత్తగా నేర్వవలసినవి హ్రస్వములగు ఎ, ఒ లును వాని గుణింతపు గుర్తులును మాత్రమే యని చెప్పవచ్చును. ‘రాముడు’ ఇందు ఆరు దెబ్బలు, షిఫ్టు లేదు. చంద్రపూరు తెలుగువానికి ఈ ఒక్క కారణము చాలును. మిగిలిన వరుసలు ఎంత రమ్యముగా నున్నను ఇచ్చట ఇన్‌స్క్రిప్టునే పునాదిగా తీసికొనవలెను.

దీని అమరికలో వ్యాకరణాభిమానులకు ఆనందము కలిగించు విశేష మొకటి యున్నది. కుడిచేతి నడిమి వరుసలో ప, ర, క, త, చ, ట లు కలవు. వీనిలో రేఫమును విడిచినచో మిగిలినవి పరుషములు. ప పైన బ, క పైన గ, త పైన ద, చ పైన జ, ట పైన డ: ప్రతి పరుషమునకును పైన దాని సరళము. క చ ట త ప లకు గ జ డ ద బ లు వచ్చునను సరళాదేశము వ్రేలిని ఒక మెట్టు పైకి చాచుటతో సిద్ధించుచున్నది. షిఫ్టు పట్టినచో ఆయా స్థానములందే వర్గయుక్కులు. మామూలు పలకపై ఈ జంటలు ఏటవాలుగా కనబడును. నిలువు వరుసల పలకపై పరుషమును సరళమును సరిగా ఒకే నిలువు గీతపై నిలుచును. వరుసను కూర్చినవారు తలచిన శాస్త్రము వంకర లేని పలకపైననే కంటికి కట్టుచున్నది.

అయినను ఈ వరుస తెలుగు కొరకై కూర్చినది కాదు. అందరి కొరకై కూర్చినది. గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి అని సామాన్యముగా చెప్పుదురు. ‘తెలుగు’ అను మాటను కొట్టి చూచినచో ఆ మాట నిజమే యనిపించును: కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ; తాళము వేసినట్లు సాగును. ‘చంద్రపూరు’ కూడ చాలవరకు అట్లే. తొమ్మిది దెబ్బలలో రేఫమును పకారమును కలిసిన చోట మాత్రము కుడిచేయి వరుసగా రెండు మారులు కదలును. చిక్కంతయు మ, న, వ లతో వచ్చినది. హల్లులైనను ఈ మూడు ఎడమచేతి క్రింది వరుసలో పడినవి. అందు న, వ రెండును చూపుడు వ్రేలివి. కొమ్మును గుడియు కూడ ఆ వ్రేలివే. తెలుగు పదములు అజంతములు, ఉకారాంతములు విస్తారము. ను, ని, వు, వి లేని వాక్యము తెలుగున దొరకుట అరుదు. ఇవి నాలుగును ఒకే వ్రేలు క్రిందికి మీదికి ప్రాకవలసిన జంటలు.

ఉదాహరణములు చూడవచ్చును. ‘వినుము’ అను పదమునకు ఆరు దెబ్బలు. ఆరును ఎడమచేతివి, అందైదు చూపుడు వ్రేలివి. ‘నవ్వు’ అయిదు దెబ్బలు. నాలుగు చూపుడు వ్రేలివి. ‘నేను’, ‘మనము’ అను మాటలలో కుడిచేయి కదలనే కదలదు. ఇక ‘అమ్మ’ యున్నది. అకారము ‘డి’ మీటపై షిఫ్టుతో, మకారము ‘సి’ పై, పొల్లు మరల ‘డి’ పై, మకారము మరల ‘సి’ పై. నాలుగు దెబ్బలును ఎడమచేతి నడిమి వ్రేలివే! షిఫ్టు పట్టుకొనుటకు మాత్రమే కుడిచేయి సాయము వచ్చును. ద్విత్వములు నిండిన భాషలో మ్మ కలిగిన ప్రతి మాటకును ఇదే గతి.

రెండవ చిక్కు కుడిచేతి చిటికెన వ్రేలిది. చ, జ, ట, డ, య లు ఐదును దాని పాలు. పుంలింగ ప్రథమైకవచనమంతయు డు తో నడచు భాషలో డకారమును అన్నింటికంటె బలహీనమైన వ్రేలికి, అదియును నడిమి వరుస దాటి పైకి చాచి కొట్టునట్లు, ఇచ్చుట తెలుగుపై పడిన అదనపు భారము.

ఇప్పుడు పలక ఎంపికకు వత్తము. చిన్న పలకలను చూచి ముచ్చటపడువారు మొట్టమొదట గమనింపవలసినది ఈ డకారమునే. 34 మీటల పలకలో కుడి ప్రక్క ఆరవ నిలువు వరుస లేదు. అనగా ట, డ లకు స్వస్థానము లేదు. ఆంగ్లమున ఆ స్థానములలో నున్నవి ఉద్ధరణ చిహ్నము, చదరపు బ్రాకెట్టు. వానిని దొంతరలో దాచినను ఆంగ్లేయునకు నష్టము లేదు. తెలుగువాడు డకారమును దాచుకొని ఏమి వ్రాయును? కనుక తెలుగు టైపిస్టునకు 42 మీటలు కనీసము. ఆ పలకలో కూడ ట పైని మీటకు తయారీదారు సామాన్యముగా వేరు పని నిచ్చి యుండును. దానిని మార్చి డకారపు సంఖ్యను నింపుకొనవలెను. అప్పుడు ట పైన డ సరిగా నిలుచును. హ్రస్వ ఒత్వము ఎడమ మూలనున్న మీటపై నుండుట వలన దానికొక చోటు, జ్ఞకారమునందలి ఞ కొరకు మరియొక చోటు చూచుకొనవలెను. అంకెల వరుస కూడ కావలసిన కార్యాలయపు మనిషికి, ఎర్గోడాక్స్ వలె డెబ్బదికి పైబడిన మీటలు గల పలకయే సుఖము.

బొటన వ్రేలి మీటలు ప్రతి ప్రక్కను మూడు ఉండుట రెండవ నియమము. తెలుగు దొంతరలో కొమ్మునకు కుడి బొటన వ్రేలిని, పొల్లునకు ఎడమ బొటన వ్రేలిని నియమించినచో పై చిక్కులలో పెక్కు విడిపోవును. ‘ను’ అనునది చూపుడు వ్రేలు, బొటన వ్రేలు అను రెండింటి పని యగును. ‘మ్మ’ యందు నడిమి వ్రేలికి నడుమ ఊపిరి తీసికొను వ్యవధి దొరకును. ఖాళీమీటను ఎడమ బొటన వ్రేలికే ఈయవలెను, కుడికి ఈయరాదు. కారణము స్పష్టము: ఉకారముతో పదము ముగిసిన వెంటనే ఖాళీ వచ్చును, రెండును ఒకే వ్రేలివైనచో ఒక చిక్కును వదిలించుకొని మరియొకటి తెచ్చుకొన్నట్లగును. పొల్లు వెంట ఖాళీ వచ్చు సందర్భములు తెలుగున తక్కువ. షిఫ్టును కూడ కుడి బొటన వ్రేలికి తెచ్చినచో, పదాదియందు వచ్చు అ, ఆ, ఇ, ఉ, ఎ లు ఖాళీ తరువాత చేయి మారి సుఖముగా పలుకును.

గుడి మాత్రము పాత స్థానముననే యుండుట మేలు. ‘ని’, ‘వి’ జంటల బాధ అప్పటికిని మిగులును. గుడిని ఏత్వముతో తారుమారు చేసినచో అదియు తగ్గును. కాని తారుమారు చేసిన ప్రతి అక్షరమును కార్యాలయమునందలి మామూలు పలకకు టైపిస్టును ఒక అడుగు దూరము చేయును. కొమ్మునకును పొల్లునకును బొటన వ్రేళ్లపై చేర్చినవి అదనపు స్థానములు. పాత స్థానములు చెక్కుచెదరలేదు. పరీక్ష గదిలో, కలెక్టరు కచేరీలో, పరుల యంత్రముపై కూర్చున్నప్పుడు చేయి తడబడినను తప్పు వ్రాయదు. తారుమారు అట్టిది కాదు. వ్రేలి నొప్పి భరింపరానిదైనవాడు తప్ప ఇతరులు దానికి పోనక్కరలేదు. పరీక్షకు కూర్చుండవలసిన యువకుడైతే, ఉద్యోగము చేతికి వచ్చు వరకు బొటన వ్రేలి మార్పులనుకూడ వాయిదా వేయుట యుక్తము. అట్లని చీలిన పలకపై మామూలు వరుసనే అభ్యసించుటకు అడ్డు లేదు.

తెలుగు దొంతర ఆంగ్లమునకు మారినప్పుడు కంప్యూటరును మారవలెను. పలక తెలుగున ఉండి కంప్యూటరు ఆంగ్లమున ఉన్నచో బొటన వ్రేలు తగిలినప్పుడెల్ల ‘డి’, ‘జి’ అను అక్షరములు పడుచుండును. ఒకే మీటతో రెండును మారునట్లు క్రమణికలో వ్రాసికొనవచ్చును. అయినను పలకకు కంప్యూటరు స్థితి తెలియదు కనుక ఎప్పుడైన ఇవి విడిపోవచ్చును. భాషకొక మీట చొప్పున మూడు ప్రత్యేకమైన మీటలు పెట్టుకొనుట, ఒకే మీటను త్రిప్పి త్రిప్పి కొట్టుట కంటె నమ్మదగినది. మరాఠీకిని తెలుగునకును దొంతర ఒక్కటే చాలునని వేరుగా చెప్పనక్కరలేదు. పొల్లు రెండింటను ఒకే మీట.

మీటలోపలి స్ప్రింగు విషయమై అభిరుచి భేదములు మెండు. చెర్రీ సంస్థ ఎమ్మెక్స్ జాతి మీటలలో ఎరుపు రంగువి సుమారు 45 సెంటీన్యూటన్ల బలమునకును, నలుపువి 60 సెంటీన్యూటన్లకును పని చేయును. మీట మొత్తము 4 మిల్లీమీటర్లు దిగును. 2 మిల్లీమీటర్లు దిగగనే అక్షరము పడును. టైపురైటరుపై అలవాటు పడిన చేయి మీటను అడుగంట కొట్టును. అట్టివారికి మధ్యలో చిన్న అడ్డు తగిలి అక్షరము పడెనని వ్రేలికి తెలియజేయు గోధుమరంగు జాతి మీట హితము. టకటకమను నీలిరంగు మీటలు పది మంది కూర్చున్న గదిలో పనికిరావు. చిటికెన వ్రేలి వరుసకు తేలికైన స్ప్రింగులను, మిగిలిన వానికి కొంచెము గట్టివానిని పెట్టుట తెలుగునకు ప్రత్యేకించి మేలు చేయును.

చంద్రపూరు వేసవి యెండ 46 డిగ్రీలు దాటుట అరుదు కాదు. బొగ్గు గనులు, విద్యుత్కేంద్రము గల ఊరు; కిటికీ తెరచి పని చేయు దుకాణములో నల్లని ధూళి ప్రతి వస్తువుపై దిగును. కాబట్టి మీటలను అతుకు విప్పకయే ఊడదీసి మార్చుకొనదగిన పలకను తీసికొనవలెను. ఒక మీట చెడినచో పలకనంతటిని దూర ప్రాంతమునకు పంపవలసిన పని తప్పును. దుమ్ము లోనికి పోకుండ కాడ చుట్టును గోడ కట్టిన మీటలు కూడ దొరకుచున్నవి. రెండు ముక్కలను కలుపు తీగ గుండ్రని మొన గలదైనచో, విద్యుత్తు పారుచుండగా దానిని ఊడబెరుకరాదు. మొనపై స్పర్శలు కలిసి చిప్పు చెడును. పాత రకపు చిప్పులో 32 కిలోబైట్ల చోటే కలదు. దొంతరలు పెరిగిన కొలది అది చాలదు. 2021లో వచ్చిన ఆర్‌పీ 2040 జాతి చిప్పు గలవానిలో ఈ ఇరుకు లేదు.

క్రొత్త పలకపై మొదటి వారములలో వేగము సగమునకు పడిపోవుట సహజము. పండుగల ముందు, పెండ్లి పత్రికల ఋతువునందు మార్పునకు పూనుకొనరాదు. దినమునకు అరగంట క్రొత్త పలకపై, మిగిలిన కాలము పాతదానిపై పని చేయుచు, క్రొత్తదానిపై వేగము పాతదానిలో మూడు వంతులకు వచ్చిన పిదప పూర్తిగా మారుట క్షేమము.

మీటల తొడుగుల మాట మిగిలినది. మామూలు పలకలకై చేసిన తొడుగులలో వరుసకొక ఎత్తు ఉండును. అక్షరమును ఒక వరుస నుండి మరియొక వరుసకు మార్చినచో ఎత్తు పొసగదు. అన్ని వరుసలకును ఒకే ఎత్తు గల తొడుగులు కోరి తీసికొనవలెను. అభ్యాసము గలవానికి అక్షరములు లేని తొడుగులైనను చాలును. ఇంటిలో అదే పలకపై తెలుగు నేర్చుకొనవలసిన పిల్లలున్నచో, తొడుగుపై ఎడమ మూల దేవనాగరియు, కుడి మూల తెలుగును ఉండునట్లు అంటు కాగితములు అతికించుట మంచిది. బడిలో నేర్చిన కకారము ప్రక్కనే ఇంటి కకారము కనబడును.